తాత్కాలిక చట్టానికి నూటపాతికేళ్లు

1900 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు విలియం మెకిన్లీ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ప్యూర్టో రికో దీవికి తాత్కాలికంగా ఆదాయాన్నీ, పౌర ప్రభుత్వాన్నీ సమకూర్చే చట్టమని దాని పేరు. ఆదాయం ముందు, ప్రభుత్వం తర్వాత. ఆ వరస యథాలాపంగా పడింది కాదని లోపలి సెక్షన్లు చదివితే తెలుస్తుంది. తాత్కాలికమన్న మాట ఒక్కటే అబద్ధమైంది. ఆ చట్టంలో కొన్ని సెక్షన్లు రద్దయ్యాయి, కొన్ని మారాయి, కొన్ని కొత్త పేర్లు తొడుక్కున్నాయి. మూలసూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. దీవికి ఏ చట్టమైనా చేసే అధికారం, దీవి సభ చేసిన ఏ చట్టాన్నైనా తోసిపుచ్చే అధికారం, దీవివాసులకు ఒక్క ఓటు కూడా లేని వాషింగ్టన్ సభ చేతిలోనే ఉంది. ఇవాళ అక్కడున్న 32 లక్షల మందిలో దాదాపు అందరూ పుట్టుకతో అమెరికా పౌరులు. తమ దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు వారికి లేదు. ప్రతినిధుల సభలో వారి తరఫున కూర్చునే ఒకే ఒక్క మనిషి మాట్లాడవచ్చు, తుది ఓటింగులో చెయ్యెత్తకూడదు.

1898 జులై 25న గ్వానికా రేవులో దిగిన అమెరికా సైన్యం, ఆ అక్టోబరు నుంచి ఏడాదిన్నర పాటు దీవిని నేరుగా ఏలి, 1900 మే 1న పాలన నుంచి తప్పుకుంది. ఆ తర్వాతి పనంతా కాగితాల మీద జరిగింది. సెనేటర్లు, కమిటీలు, ప్రభుత్వ న్యాయవాదులు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఒకరి తర్వాత ఒకరు చెయ్యివేసి కట్టిన ఏర్పాటది. అందుకే ఈ అభియోగం సైనికుల మీద కాదు. న్యాయశాస్త్రం క్షుణ్ణంగా చదువుకున్న పెద్దమనుషుల మీద.

అంతకుముందు ఆ దీవి స్వర్గమేమీ కాదు. నాలుగు శతాబ్దాల స్పెయిన్ ఏలుబడిలో బానిసత్వం 1873 దాకా సాగింది. క్యూబా తిరుగుబాటుతో ఊపిరాడక, అమెరికా కన్నెర్రకు జంకి, మాడ్రిడ్ 1897 నవంబరులో ప్యూర్టో రికోకు స్వయంపాలన రాసిచ్చింది. ప్రేమతో ఇచ్చింది కాదు. అయినా అందులో ఏముందో చూడాలి. రెండు సభల దీవి పార్లమెంటు, దానికి జవాబు చెప్పవలసిన మంత్రివర్గం, మాడ్రిడ్ పార్లమెంటులో ఓటుతో కూడిన సభ్యత్వం. వీటన్నిటికన్నా విలువైన నిబంధన మరొకటి ఉంది. ఈ ఏర్పాటును మార్చాలంటే దీవి పార్లమెంటు కోరితేనే మార్చాలి. ఎన్నికైన సభ 1898 జులై 17న కొలువుతీరింది. ఎనిమిది రోజులకు అమెరికా ఓడలు వచ్చాయి. మీ మీద యుద్ధానికి రాలేదు, మా ఉదార వ్యవస్థల మేలు మీకు పంచడానికి వచ్చామని జనరల్ నెల్సన్ మైల్స్ ప్రకటన చేశాడు. కొన్ని నెలలు తిరక్కుండానే ఆ పార్లమెంటుకు తాళం పడింది.

యుద్ధాన్ని ముగించిన పారిస్ ఒప్పందం 1898 డిసెంబరు 10న కుదిరింది. బల్ల దగ్గర ప్యూర్టో రికో మనిషి ఒక్కడూ లేడు. ఫిలిప్పీన్స్‌కైతే స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు ముట్టాయి. ప్యూర్టో రికో మాత్రం రొక్కానికి బదులు యుద్ధ పరిహారం కింద జమ అయింది. అక్కడి స్థానికుల పౌర హక్కులు, రాజకీయ స్థాయి ఏమిటో అమెరికా కాంగ్రెస్ నిర్ణయిస్తుందని తొమ్మిదో అధికరణం ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ వాక్యాన్ని మునుపటి ఒప్పందాల పక్కన పెట్టి చదవాలి. 1803లో లూసియానా కొన్నప్పుడు, 1819లో ఫ్లోరిడా తీసుకున్నప్పుడు, చివరకు 1848లో మెక్సికో భూభాగంలో సగానికి సగం లాక్కున్నప్పుడు కూడా, ఆ నేల మీది జనాన్ని తమలో కలుపుకుంటామని, పౌరుల హక్కులు ఇస్తామని అమెరికా రాసిచ్చింది. ఆ హామీలు అందరికీ అందలేదు, ఆదివాసులకైతే అసలే అందలేదు. రాయడమంటూ రాశారు. 1898 ఒప్పందంలో ఆ మాటే లేకుండా చూసుకున్నారు. దీవి కావాలి, మనుషుల సంగతి తర్వాత చూద్దాం అనుకున్నవాళ్లు రాసిన ఒప్పందం అలాగే ఉంటుంది.

ఒహాయో సెనేటర్ జోసెఫ్ ఫోరేకర్ పేరుతో పిలిచే 1900 నాటి చట్టం ఆ ‘తర్వాత చూద్దాం’ అన్నదానికి జవాబు. దీని పనితనం కాస్త ఓపిగ్గా చూడదగ్గది. గవర్నర్‌ను అమెరికా అధ్యక్షుడు నియమిస్తాడు. ఎగువ సభ పేరు కార్యనిర్వాహక మండలి, సభ్యులు 11 మంది. వారినీ అధ్యక్షుడే నియమిస్తాడు. కనీసం ఐదుగురు స్థానికులు ఉండాలి. మిగిలిన ఆరుగురూ శాఖాధిపతులు. ఖజానా, ఆడిట్, విద్య, న్యాయశాఖ, అన్నీ వారివే, ఆచరణలో ఆ పదవులు అమెరికా నుంచి వచ్చినవారికే దక్కాయి. అంటే శాఖలు నడిపేవారే ఎగువ సభలో మెజారిటీ. వారి పనిని వారే ఆమోదిస్తారు. ట్రాముకు, విద్యుత్తుకు, రేవుకు సంబంధించిన ప్రజోపయోగ లైసెన్సులిచ్చే అధికారమూ ఆ మండలిదే. ప్రజలు ఎన్నుకునేది 35 మంది దిగువ సభను. అది చేసిన బిల్లు మండలిని దాటాలి, గవర్నర్ వీటోను దాటాలి, ఆపైన వాషింగ్టన్ కాంగ్రెస్ రద్దు చేయకుండా ఉండాలి. సభ చూడటానికి సభలాగే ఉంటుంది. ఎన్నిక ఉంటుంది, స్పీకర్ ఉంటాడు, వాదోపవాదాలు ఉంటాయి. తేల్చేది మాత్రం మరొకచోట.

ఈ అమరిక మీద నిరసనతో లూయిస్ మున్యోస్ రివేరా నాయకత్వంలోని ఫెడరల్ పార్టీ 1900 నవంబరు ఎన్నికలను బహిష్కరించింది. ఫలితంగా హోసే సెల్సో బార్బోసా రిపబ్లికన్లు 35కు 35 స్థానాలూ గెలిచారు. కొత్త ప్రభుత్వానికి తొలి గవర్నర్ చార్లెస్ అలెన్ ఏడాది పైచిలుకు పదవిలో ఉండి అమెరికా వెళ్లిపోయాడు. తర్వాత అమెరికన్ షుగర్ రిఫైనింగ్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. కంపెనీలు 500 ఎకరాలకు మించి భూమి పట్టరాదని 1900లోనే కాంగ్రెస్ తీర్మానించింది. ఉల్లంఘిస్తే ఏమవుతుందో మాత్రం రాయలేదు. నాలుగు దశాబ్దాల పాటు ఆ పరిమితి కాగితంలోనే ఉండిపోయింది, చక్కెర కంపెనీలు వేల ఎకరాలు పోగేశాయి. భూపరిమితి చట్టాల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఈ విద్య కొత్తగా అనిపించదు.

ఇక ఆదాయం సంగతి. 1899 ఆగస్టు 8న సాన్ సిరియాకో తుఫాను దీవిని చిన్నాభిన్నం చేసింది. 3 వేల మందికి పైగా పోయారు, కాఫీ తోటలు నేలమట్టమయ్యాయి. స్పెయిన్, క్యూబాల్లో ఉన్న పాత మార్కెట్లు అప్పటికే చెయ్యిజారాయి. ఆ డిసెంబరులో మెకిన్లీ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో, ప్యూర్టో రికో సరుకు మీద సుంకం ఎత్తేయడం మన కర్తవ్యమని రాశాడు. ఆ తర్వాత బీట్‌రూట్ చక్కెర, పొగాకు వర్గాలు గోల చేశాయి. ఇక్కడ సుంకం తీసేస్తే రేపు ఫిలిప్పీన్స్‌కూ తీసేయాల్సి వస్తుందన్న భయం దానికి తోడైంది. అధ్యక్షుడి కర్తవ్యం నాలుగు నెలల్లో మారిపోయింది. విదేశీ సరుకు మీద వేసే సుంకంలో 15 శాతం ప్యూర్టో రికో సరుకు మీద వేస్తామని ఫోరేకర్ చట్టం చెప్పింది. అదే చట్టం మరో సెక్షన్లో, దీవికీ అమెరికాకూ మధ్య ఓడల రవాణాను దేశంలోని రెండు తీరాల మధ్య రవాణాగానే లెక్కగట్టింది. పన్ను వేసేటప్పుడు దీవి పరాయి గడ్డ. అమెరికా ఓడల కంపెనీలకు గిరాకీ కట్టబెట్టేటప్పుడు సొంత గడ్డ. రెండూ ఒకే చట్టంలో, ఒకే సంతకం కింద. దీవికి సరుకు అమెరికా ఓడల్లోనే చేరాలన్న ఆ నియమం ఇంకా పోలేదు. 2017 సెప్టెంబరు 20న మరియా తుఫాను దీవిని ముంచెత్తినప్పుడు, విదేశీ ఓడల్లో సహాయ సామగ్రి తెచ్చుకోవడానికి వాషింగ్టన్ ఇచ్చిన మినహాయింపు పది రోజులు. ఆ తుఫాను, దాని తర్వాతి నెలల్లో 2,975 మంది అదనంగా మరణించారని దీవి ప్రభుత్వం ఒప్పుకున్న అంచనా.

15 శాతం సుంకం కోర్టుకెక్కింది. దీవి రాజధాని శాన్ హువాన్ నుంచి న్యూయార్క్ రేవుకు బత్తాయిలు తెప్పించుకున్న డౌన్స్ అనే వర్తకుడు 659 డాలర్ల 35 సెంట్లు కట్టి, దేశమంతటా సుంకాలు ఒకేలా ఉండాలని రాజ్యాంగం అంటుంటే ఇదేమిటని అడిగాడు. 1901 మే 27న సుప్రీంకోర్టు 5–4తో అతణ్ణి ఓడించింది. గెలిచిన ఐదుగురికీ ఒకే కారణం కూడా లేదు. జస్టిస్ హెన్రీ బిల్లింగ్స్ బ్రౌన్ రాసిన కారణంతో తక్కిన నలుగురిలో ఎవరూ ఏకీభవించలేదు. పరాయి జాతులు, వేరే మతం, వేరే ఆచారాలు, వేరే ఆలోచనా విధానం ఉన్న జనానికి ఆంగ్లో శాక్సన్ సూత్రాల పాలన కొంతకాలం అసాధ్యం కావచ్చునని ఆయన తీర్పులో రాశాడు. నల్లవారికి వేరు రైలుపెట్టెలు రాజ్యాంగబద్ధమేనని ఐదేళ్ల ముందు తీర్పు రాసింది కూడా ఈ బ్రౌనే. తర్వాత నిలబడిపోయిన సిద్ధాంతం జస్టిస్ ఎడ్వర్డ్ వైట్‌ది. దేశంలో కలిపేసుకున్న ప్రాంతాలు వేరు, దేశానికి చెందినవే అయినా ఇంకా కలుపుకోని ప్రాంతాలు వేరు. రెండోవాటికి రాజ్యాంగంలోని కొన్ని మౌలిక రక్షణలే వర్తిస్తాయి. ఆ కొన్ని ఏవో కోర్టే ఎప్పటికప్పుడు చెబుతుంది. అంతర్జాతీయంగా చూస్తే ప్యూర్టో రికో విదేశం కాదట, దేశం లోపలి నుంచి చూస్తే మాత్రం విదేశమేనట.

జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్ ఈ తేడా తనకు అర్థం కాలేదని భిన్నాభిప్రాయం రాశాడు. రైలుపెట్టెల కేసులోనూ ఒంటరిగా అడ్డం నిలిచినవాడతను. రాజ్యాంగం పుట్టించిన కాంగ్రెస్, రాజ్యాంగం బయట నిలబడి వలసలను ఎలా ఏలగలదన్నది అతని ప్రశ్న. దానికి ఈనాటికీ జవాబు లేదు. సుంకం మాత్రం తీర్పు వచ్చిన రెండు నెలలకే, 1901 జులైలో, ఎత్తేశారు. బత్తాయిల మీద పన్ను పోయింది. బత్తాయిల కోసం కనిపెట్టిన సిద్ధాంతం మనుషుల మీద ఉండిపోయింది. రైలుపెట్టెల తీర్పును 1954లో పాతిపెట్టారు. దాని తోబుట్టువు ఇంకా బతికే ఉంది.

అది మనుషులను ఏం చేసిందో చూడండి. 1902లో ఇసబెల్ గొన్సాలెస్ అనే గర్భవతి న్యూయార్క్ చేరుకుంటే, ప్రభుత్వానికి భారమయ్యే పరదేశి అని ఎల్లిస్ దీవిలో ఆపేశారు. ఆమె సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1904లో కోర్టు ఆమె పరదేశి కాదంది. పౌరురాలా అని అడిగితే, ఆ ప్రశ్న ఇప్పుడు తేల్చనక్కర్లేదంది. పరదేశులూ కాని, పౌరులూ కాని మనుషుల వర్గం ఒకటి అలా చట్టంలో తయారైంది. దీవి గవర్నర్‌ను విమర్శించి పరువునష్టం నేరం మోపించుకున్న ఒక పత్రికా సంపాదకుడు జ్యూరీ విచారణ కోరిన కేసు 1922లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. అప్పటికి ప్యూర్టో రికో వారు అమెరికా పౌరులై ఐదేళ్లయింది. అయినా మీ దీవి కలుపుకున్న ప్రాంతం కాదు, జ్యూరీ మీకు హక్కు కాదని ప్రధాన న్యాయమూర్తి విలియం హోవర్డ్ టాఫ్ట్ తీర్పు చెప్పాడు.

ఈ టాఫ్ట్‌ను దీవివాసులు అంతకుముందే ఎరుగుదురు. 1909లో, ఎన్నికైన దిగువ సభ తను పంపిన బిల్లులను మండలి తొక్కిపట్టడంతో విసిగి, తన చేతిలో ఉన్న ఏకైక ఆయుధం తీసింది. బడ్జెట్ ఆమోదించలేదు. ఖజానా తాళం ప్రజాప్రతినిధుల చేతిలో ఉండాలన్నది ఇంగ్లండు నుంచి అమెరికా నేర్చుకుని, ఆ సూత్రం కోసమే ఇంగ్లండుతో యుద్ధం చేసింది. అప్పుడు దేశాధ్యక్షుడిగా ఉన్న టాఫ్ట్, ఈ జనానికి అధికారం మితిమీరి ఇచ్చామని కాంగ్రెస్‌కు రాశాడు. జులైలో చట్టం సవరించారు. సభ బడ్జెట్ ఆమోదించకపోతే పోయినేడాది పద్దులే మళ్లీ అమల్లోకి వస్తాయి. ఆయుధం ఎత్తిన ఏడాదే దాని అంచు విరగ్గొట్టారు. ఈ ఎత్తు మనకు తెలియనిది కాదు. మద్రాసు శాసనమండలి 1919 సంస్కరణల తర్వాత ఏదైనా పద్దు కోస్తే, మంత్రులకు అప్పగించని రిజర్వుడు శాఖలదైనప్పుడు అది అవసరమని ధ్రువీకరించి తిరిగి నిలబెట్టే అధికారం గవర్నర్‌కు ఉండేది. లండన్, వాషింగ్టన్‌లు ఒకరినొకరు చూసి రాసుకున్నారని అనడం లేదు. ఓటు ఇచ్చి, ఓటుతో పని జరగకుండా చూడాల్సి వచ్చినవారికి తట్టే మార్గాలు ఎక్కడైనా ఇవే.

1917లో పౌరసత్వం ఇచ్చారు. కాంగ్రెస్ చట్టంతో ఇచ్చారు, దీవి అభిప్రాయం అడగకుండా ఇచ్చారు. 1914లోనే దిగువ సభ, తమ సొంత పౌరసత్వాన్ని మార్చవద్దని కాంగ్రెస్‌ను కోరింది. 1917 చట్టంలో అప్పుడెవరూ అంతగా పట్టించుకోని నిబంధన మరొకటి ఉంది. దీవి ప్రభుత్వం అమ్మే బాండ్ల వడ్డీ మీద కేంద్రం పన్ను లేదు, రాష్ట్రం పన్ను లేదు, స్థానిక పన్ను లేదు. అమెరికాలో ఎక్కడున్న మదుపరికైనా ఈ మూడు మినహాయింపులూ వర్తిస్తాయి. అప్పు ఇచ్చేవారికి ఇంతకన్నా తీపి ఏముంటుంది? వందేళ్లలో ఆ తీపి 7 వేల కోట్ల డాలర్లు దాటిన అప్పుగా మారింది. శాన్ హువాన్‌లో కూర్చున్న ప్రభుత్వాలు బాధ్యత నుంచి తప్పించుకోలేవు. లోటు పూడ్చుకోవడానికి అప్పు మీద అప్పు చేసింది వారే. అయితే అప్పు ఎక్కువ చేసేందుకు అనువుగా చట్టం రాసిన చేతే, అప్పు మోయలేనప్పుడు తలుపులు మూసింది. 1984లో కాంగ్రెస్ దివాలా చట్టాన్ని సవరిస్తూ, నగరాలూ ప్రభుత్వ సంస్థలూ వాడుకునే అధ్యాయం నుంచి ప్యూర్టో రికోను తప్పించింది. ఎందుకో ఒక్క ముక్క కూడా వివరణ రాయలేదు.

1948లో దీవివాసులు తొలిసారి తమ గవర్నర్‌ను తామే ఎన్నుకున్నారు. గెలిచిన లూయిస్ మున్యోస్ మరీన్ పాత ఫెడరల్ పార్టీ నాయకుడు మున్యోస్ రివేరా కొడుకు. 1952లో సొంత రాజ్యాంగం వచ్చింది. అది అమల్లోకి వచ్చిన తేదీ జులై 25. సైన్యం దిగిన రోజే. ఆ రాజ్యాంగంలో పనికి, చదువుకు, తగిన జీవన ప్రమాణానికి హక్కులు రాసుకున్న ఇరవయ్యో సెక్షన్ వద్దని కాంగ్రెస్ కొట్టివేశాకే ఆమోదం దొరికింది. మరుసటి ఏడు అమెరికా ఐక్యరాజ్యసమితికి వెళ్లి, ఇక ఇది వలస కాదు, ఇరుపక్షాల ఒడంబడిక మీద నిలిచిన స్వపాలన అని చెప్పింది. సర్వప్రతినిధి సభ 1953 నవంబరులో ప్యూర్టో రికోను స్వపాలన లేని ప్రాంతాల జాబితా నుంచి తీసేసింది. ఏటేటా లెక్క చెప్పే బాధ్యత వాషింగ్టన్‌కు తప్పిపోయింది.

ఆ ఒడంబడిక విలువ ఎంతో 2016 జూన్‌లో మూడు వారాల్లో బయటపడింది. మొదట జూన్ 9. ఒకే నేరానికి దీవి కోర్టులూ, ఫెడరల్ కోర్టులూ వేర్వేరుగా శిక్షించవచ్చా అన్న కేసులో సుప్రీంకోర్టు, ప్యూర్టో రికో అధికారానికి మూలం కాంగ్రెసే, దానికి సొంత సార్వభౌమత్వం లేదని తేల్చింది. 1953లో సమితి ముందు ఒడంబడిక గురించి చెప్పిన అమెరికా ప్రభుత్వమే ఈసారి కోర్టు ముందు నిలబడి, ఆ దీవి ఇంకా మా అధీన ప్రాంతమే అని వాదించింది. నాలుగు రోజులకు, జూన్ 13న, రెండో తీర్పు. 1984లో దివాలా తలుపు మూశారు గనక మా ఇంటి తలుపు మేమే చేసుకుంటామని దీవి శాసనసభ 2014లో సొంత చట్టం చేసుకుంది. అదీ చెల్లదంది కోర్టు. దేశంలోని దివాలా చట్టం వర్తించదు, సొంత చట్టం పనికిరాదు. బయటకు దారి లేకుండా గది కట్టడం పూర్తయ్యాక, జూన్ 30న కాంగ్రెస్ కొత్త చట్టంతో లోపలికొచ్చింది. ఏడుగురు సభ్యుల ఆర్థిక పర్యవేక్షణ బోర్డు. వారిని నియమించేది అధ్యక్షుడు, పేర్లు ప్రధానంగా కాంగ్రెస్ నాయకుల జాబితాల నుంచి. ఎన్నికైన గవర్నర్ కూర్చోవచ్చు, ఓటు లేదు. శాసనసభ బడ్జెట్ బోర్డుకు నచ్చకపోతే బోర్డు బడ్జెట్టే అమలవుతుంది. బోర్డు ఖర్చు దీవి ఖజానా భరిస్తుంది. దాని తొలి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ జీతం ఏడాదికి 6,25,000 డాలర్లు, అమెరికా అధ్యక్షుడికి ఇచ్చేది 4 లక్షలు. అక్కడి జనం ఈ బోర్డును ‘లా హుంతా’ అంటారు. సైనిక ముఠాల పాలన చూసిన లాటిన్ అమెరికాలో ఆ పేరు ఊరికే పెట్టరు.

1909లో పోయినేడాది పద్దులు తిరిగి అమల్లోకి వచ్చేవి. 2016 నుంచి బోర్డు పద్దులు. ఆనాటి మండలిలో కనీసం ఐదుగురు స్థానికులుండాలని నియమముండేది. ఈనాటి చట్టం కోరేది, ఏడుగురిలో ఒక్కరు దీవిలో కాపురమైనా ఉండాలని, వ్యాపారమైనా చేస్తుండాలని. నియామకాలకు సెనేట్ ఆమోదం లేదని మదుపు సంస్థలు సవాలు చేస్తే, సుప్రీంకోర్టు 2020 జూన్ 1న ఏకగ్రీవంగా కొట్టేసింది. కారణం వినదగ్గది. వీరు చేసేది స్థానిక పని కాబట్టి వీరు స్థానిక అధికారులట. వాషింగ్టన్ నియమించిన, వాషింగ్టన్ మాత్రమే తీసేయగల, దీవి ఓటరుకు ఎన్నడూ ముఖం చూపనక్కర్లేని స్థానికులు.

వాషింగ్టన్ సమర్థకుల దగ్గర రెండు వాదనలున్నాయి. దీవివాసులు దీవిలో సంపాదించిన దాని మీద ఫెడరల్ ఆదాయపన్ను కట్టరు, అందుకే ప్రాతినిధ్యం లేదు అన్నది మొదటిది. కానీ వారు సామాజిక భద్రతకూ వృద్ధుల వైద్య బీమాకూ పన్నులు కడుతున్నారు. సైన్యంలో చేరి ప్రాణాలిచ్చారు. కొరియా యుద్ధంలో పోరాడిన వారి 65వ పదాతి రెజిమెంట్‌కు కాంగ్రెసే స్వర్ణ పతకం ఇచ్చింది. అసలు ఆదాయపన్ను కట్టనంత పేదవారికి అమెరికాలో మిగతాచోట ఓటు తీసేశారా? పన్నుకూ ఓటుకూ ముడి వేసే లెక్క ఆ దీవి దగ్గరే ఎందుకు పుట్టుకొస్తుంది? రెండో వాదన, నచ్చకపోతే విమానమెక్కి ఫ్లోరిడా వెళ్లవచ్చు, వెళ్లగానే అన్ని హక్కులూ వస్తాయి. అది నిజం. దీవిలో ఉన్నవారికన్నా అమెరికా రాష్ట్రాల్లో ఉన్న ప్యూర్టో రికో సంతతివారు ఎక్కువ కావడానికి అదీ ఒక కారణం. ఇల్లు వదిలితేనే దక్కే హక్కును హక్కు అనగలమా?

ఈ వాదనలు ఎంత బోలుగా ఉన్నాయో తెలియాలంటే అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒక తెలుగు ఇంజనీరును తీసుకోండి. డాలస్‌లో ఉంటే అధ్యక్ష ఎన్నికల్లో ఓటేస్తాడు. ఉద్యోగం మానుకుని హైదరాబాద్ వచ్చి స్థిరపడినా, విదేశాల్లోని పౌరుల చట్టం కింద టెక్సాస్ ఓటరుగా పోస్టులో ఓటు పంపవచ్చు. అతను శాన్ హువాన్‌కు కాపురం మారిస్తే ఆ ఓటు పోతుంది. అమెరికా జెండా ఎగిరే చోటికి మారినందుకు. ఇల్లినాయ్ నుంచి దీవులకు వెళ్లిన కొందరు దీని మీద కోర్టుకెక్కితే 2018లో అప్పీలు కోర్టులో ఊరట దొరకలేదు.

మన ఇల్లు తుడిచి పెట్టి ఉందని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. అండమాన్, లక్షద్వీప్‌ల లోక్‌సభ సభ్యులను 1967 ముందు వరకు రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. ఫ్రెంచి వలసగా ఉన్న యానాం 1962లో చట్టబద్ధంగా మనలో చేరింది. అక్కడి తెలుగువారు ఇవాళ పుదుచ్చేరి శాసనసభకూ లోక్‌సభకూ ఓటేస్తున్నారు. అదే శాసనసభలో కేంద్రం నామినేట్ చేసే ముగ్గురు సభ్యులు ఓటింగులో పాల్గొనవచ్చునని మన సుప్రీంకోర్టే చెప్పింది. ఇది చిన్న విషయం కాదు, దాని గురించి మరోసారి విడిగా రాయాలి. అయినా యానాం మనిషికి రాజ్యాంగంలో ఏ భాగం వర్తిస్తుందో కోర్టు ఏరి చెప్పే పరిస్థితి లేదు.

అమెరికా సుప్రీంకోర్టుకు తప్పు దిద్దుకునే అవకాశాలు రాకపోలేదు. న్యూయార్క్‌లో ఉన్నప్పుడు అనారోగ్యంతో పని చేయలేక కేంద్ర సహాయం పొందిన ఒక పౌరుడు 2013లో ప్యూర్టో రికోకు తిరిగి వెళ్లాడు. దీవిలో ఉన్నవారికి ఆ పథకం లేదు గనక అక్కడికెళ్లాక ఇచ్చిన 28,081 డాలర్లు తిరిగి కట్టమని ప్రభుత్వం దావా వేసింది. 2022 ఏప్రిల్ 21న కోర్టు 8–1తో ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. తల్లిదండ్రులు ప్యూర్టో రికో నుంచి వచ్చిన జస్టిస్ సోనియా సోటోమయోర్ ఒక్కరే విభేదించారు. మెజారిటీలో ఉన్న జస్టిస్ నీల్ గోర్సచ్, డౌన్స్ కేసు సహా 1901 నాటి దీవుల తీర్పులు జాతి దురభిప్రాయాల మీద నిలిచాయని, వాటిని తోసిపుచ్చే రోజు త్వరలో రావాలని విడిగా రాశారు. ఆరు నెలల్లో, మరో అధీన ప్రాంతమైన అమెరికన్ సమోవా నుంచి వచ్చిన ఒక పిటిషన్‌తో ఆ అవకాశం వచ్చింది. సమోవా ప్రభుత్వమే తమ భూముల ఆచారాలకు ముప్పు వస్తుందని ఆ పిటిషన్‌ను వ్యతిరేకించిందన్నది నిజం. అదే కారణమా కాదా కోర్టు చెప్పలేదు. విచారణకు స్వీకరించడం లేదని ఒక్క పంక్తి రాసి ఊరుకుంది.

రాష్ట్రంగా చేరాలా, స్వతంత్రం కావాలా, మరో రకం సంబంధం కావాలా అన్నది ప్యూర్టో రికో ప్రజలు తేల్చుకోవలసింది. వారిలో వారికి తీవ్రమైన భేదాలున్నాయి. 1967 నుంచి 2024 వరకు ఏడుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కొన్నిటిని పార్టీలు బహిష్కరించాయి, కొన్నిటిలో ప్రశ్నే వంకరగా ఉందన్నారు. ఏడింటికీ ఒకటే లోపం. ఫలితం ఏదైనా కాంగ్రెస్‌ను కట్టడి చేయదు. కాబట్టి కాంగ్రెస్ చేయవలసిన పని స్పష్టం. ఏ ఎంపికకు ఏ పర్యవసానమో ముందే చట్టంలో రాసి, వచ్చిన ఫలితానికి తాను కట్టుబడతానని ఒప్పుకుని ఓటింగ్ పెట్టాలి. పర్యవేక్షణ బోర్డును ఆలోగా ఎత్తేయాలి. సుప్రీంకోర్టు డౌన్స్ కేసునూ దాని సంతానాన్నీ పేరు పెట్టి తోసిపుచ్చాలి. టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, జార్జియాల్లో ఓటు హక్కున్న తెలుగువారి మీదా ఇందులో కొంత బాధ్యత ఉంది. వారి ప్రతినిధులు వాషింగ్టన్‌లో చెయ్యెత్తగలరు. ఎన్నికల వేళ సంఘాల సభలకు, ఉగాది వేడుకలకు వచ్చి దండలు వేయించుకుంటున్న ఆ ప్రతినిధులను, హెచ్1బీ వీసాల గురించి అడిగే ప్రశ్నల తర్వాత, ప్యూర్టో రికోలో అలాంటి ఓటింగ్ పెట్టే బిల్లు మీద మీ వైఖరేమిటని కూడా అడగవచ్చు.